బాణం గీయని రాయి

పరాంకుశం మేష్టారిది ఒకటే పట్టు. కొండ నుంచి రాయి తీసేముందు, ఉత్తరం ఎటుందో దాని మీద బాణం గీయాలి. ఆయన శిష్యులు పెళ్ళి ముహూర్తమైనా మరిచిపోతారు గాని బాణం మరిచిపోరని యూనివర్సిటీలో వేళాకోళం చేసేవారు. లావా చల్లబడి రాయి అయ్యేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంత దిశను పట్టుకొని అలాగే బిగుసుకుపోతాయి. కోట్ల ఏళ్ళ తరవాత కూడా దాన్నిబట్టి, ఈ నేల అప్పుడు భూగోళం మీద ఎక్కడ ఉండేదో చెప్పవచ్చు. రాయి కొండలో ఎలా కూర్చుందో తెలిస్తేనే సుమా.

ఆ శిష్యుల్లో నూకరాజు మాత్రం మరిచిపోయాడు. వానలో తడుస్తూ హడావిడిగా తీసిన మూడు రాళ్ళవి. మళ్ళీ వెళ్ళేసరికి కొండే లేదు, కంకరైపోయింది. నాలుగేళ్ళ పరిశోధనకు ఆ మూడే ఆధారం. వాటిని సంచిలో వేసుకొని మేష్టారి దగ్గరికి పరుగెత్తాడు. రిటైరయ్యాక ఆయన పాత ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంటుకు మారారు.

"రాయిలో గుర్తు చెక్కుచెదరలేదు గదా మేష్టారూ. ఇప్పుడు అంచనాగా ఓ బాణం గీసేస్తే తప్పేముందండీ?" అన్నాడు, మార్కర్ పెన్ను మూత తీసి.

అంతలో లోపలి గదిలో మంచం కిర్రుమంది. మేష్టారి భార్య అలివేలమ్మగారు లేచారు. రెండేళ్ళుగా ఆవిడకు భర్త కూడా గుర్తు లేరు. మంచం దిగి, ఎడమకు తిరిగి, నాలుగడుగులు వేసి, భుజమెత్తున చెయ్యి చాపారు. ఆ గోడకు ఒక దేవుడి పటం వేలాడుతోంది. ఆవిడ పటాన్ని తడిమి, కాదన్నట్టు తల ఊపి, "ఏదీ?" అన్నారు. కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చున్నారు.

గోడ కింద ఒక అద్దం, కూజా, తాళాల గుత్తి, ఇత్తడి గంట ఉన్నాయి. అన్నీ ఆ చేతికి అందేలా పెట్టి చూసి, తీసేసినవే.

"పాత ఇంట్లో అక్కడ ఏముండేదండీ?" గొంతు తగ్గించి అడిగాడు నూకరాజు.

"తెలీదు."

"అదేంటండీ! ముప్పై ఏళ్ళు కాపురం ఉన్న ఇల్లు గదా!"

"ఉన్నది ఆవిడ," అన్నారు మేష్టారు. "వెళ్ళి చూద్దామంటే, కొన్నవాళ్ళు పడగొట్టేశారు."

నూకరాజుకు ఏడుపొచ్చింది. అది తన రాళ్ళ కోసమో, ఆవిడ కోసమో అతనికే తెలియలేదు. పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

మేష్టారు లేచి వెళ్ళి, పటం దించి, గంట పక్కన పెట్టారు. ఖాళీ మేకు వంకే చూస్తూ అన్నారు:

"ఈ దేశంలో నేను బాణం గీయని కొండ లేదు, నూకరాజూ."