రాజుగారిని ఎత్తుకెళ్ళిన రాత్రి

ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే. రాజుగారి మీసం మాత్రం పక్క రాజ్యం దాకా వెళ్ళొచ్చేది.

ఆయన పల్లకీకి ఒక వెండి గంట వేలాడేది. అది గణగణమనగానే ఎక్కడివాళ్ళక్కడ నడుం వంచి నేలచూపులు చూడాలి. తల ఎత్తితే ఆ తల ఉండదు. అదీ శాసనం. బోయీలతో మాట్లాడడం కూడా ఆయనకు నామోషీయే. లోపలినుంచి ఉంగరంతో కొయ్య మీద టక్కుమనిపిస్తే వాళ్ళు పల్లకీ ఎత్తాలి, ముందు నడిచేవాడి వెనకే పోవాలి. ఎక్కడికని అడగకూడదు.

ఆ ముందు నడిచేవాడు విరూపన్న. దారి పొడుగునా రాజుగారికి కబుర్లు చెప్పడమే వాడి ఉద్యోగం. కుర్రవాడు, నోరు ఊరుకునేది కాదు.

ఒకసారి రాజుగారు రాణి మల్లమాంబను, చిన్నారి కూతురు కుందనను వెంటబెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరారు. పొద్దు వాలేసరికి ఒక ఏటి ఒడ్డున విడిది దిగారు. డేరాలు వేశారు, చుట్టూ బల్లేల కావలి పెట్టారు.

అదే ఒడ్డున కాస్త అవతల ఒక ఉప్పు బిడారు దిగి ఉంది. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని ఊరూరా అమ్ముకునే జనం. బస్తాలన్నీ గుండ్రంగా గోడలా పేర్చి, పసివాళ్ళను లోపల పడుకోబెట్టి, చుట్టూ ఎద్దులను కట్టేసుకున్నారు.

సేనాని ఉద్దండ నాయకుడు వాళ్ళను చూసి ముక్కు చిట్లించాడు. "ప్రభూ, వీళ్ళు పక్కనుంటే తెల్లారేసరికి పాప మెళ్ళో గొలుసుండదు. ఏరు దాటించేద్దాం."

"దాటించు!" అన్నారు రాజుగారు.

బిడారు పెద్ద గంగులవ్వ పరుగున వచ్చింది. "దొరా, ఆవలి ఒడ్డున పులి అడుగులున్నాయి. చంటిపిల్లల తల్లులున్నారు మాలో. ఈ రాత్రికి ఉండనీ నాయనా!"

రాజుగారు వినిపించుకోలేదు. అప్పుడు విరూపన్న గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, దొంగల భయముంటే వాళ్ళను పంపించడం దేనికి? మనమే వాళ్ళ మకాంలో పడుకుందాం. మన విడిది కంటే అదే గట్టిది."

రాజుగారి మీసం బిర్రబిగుసుకుంది. ఉద్దండ నాయకుడి చేతిలో బల్లెం జారి సొంత కాలి మీదే పడింది.

"ఏమన్నావురా? నా విడిది కంటేనా?" రాజుగారు గర్జించారు. "అయితే విను. తెల్లారేలోగా నా విడిదిలోంచి నీ ఇష్టం వచ్చినదాన్ని బయటికి తీసుకుపో. పోగలిగితే ఈ ఒడ్డు వాళ్ళదే. లేకపోతే వాళ్ళతోపాటు నువ్వూ పులి దగ్గరికే!"

"నా ఇష్టం వచ్చిందేదైనానా ప్రభూ?"

"ఏదైనా!"

గంగులవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. "మా కోసం నీ ప్రాణం మీదికి తెచ్చుకున్నావేమిరా బిడ్డా?"

"ఏం భయపడకవ్వా. పొద్దున్నే ఇంకో ఇద్దరికి రొట్టెలు ఎక్కువ చెయ్యి, అంతే" అన్నాడు విరూపన్న.

ఆ రాత్రి రాజుగారు కట్టుదిట్టం చేశారు. నేల మీద పడుకోవడం రాచరికానికి తగదని ఆయన ఎక్కడికెళ్ళినా పల్లకీలోనే పడుకునేవారు. తేళ్ళంటే భయమని మనకు తెలుసుగానీ, మనం అనకూడదు. కూతురిని పక్కలో వేసుకున్నారు. నగల పెట్టె తలకింద పెట్టుకున్నారు. మీసం దువ్వుకుని, "ఇప్పుడు రమ్మను వాణ్ణి" అనుకుంటూ గురకలోకి దిగారు.

తెల్లవారింది.

మొహం మీద ఏదో తడిగా, గరుగ్గా పాకుతుంటే రాజుగారికి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఇంత పొడుగు నాలుక. ఒక దూడ శ్రద్ధగా ఆయన మీసం నాకుతోంది.

"ఉద్దండా!"

ఉద్దండుడు రాలేదు. పైన డేరా లేదు. పక్కలో కూతురు లేదు. తలకింద పెట్టె లేదు. "కుందనా! నా తల్లీ!" అంటూ పల్లకీలోంచి కిందికి దూకారు. తేళ్ళ సంగతే గుర్తు రాలేదు.

"ఇక్కడున్నా నాన్నా!" పొయ్యి పక్కన కుందన రొట్టె తింటోంది, మూతినిండా వెన్న. మెళ్ళో గొలుసు ఉన్నది ఉన్నట్టే ఉంది. గంగులవ్వ నగల పెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రొట్టెలు కాలుస్తోంది.

"లేచావా నాయనా? ఏదీ, నీ పేరు చెప్పు" అంది అవ్వ.

"నా పేరా? నన్నే అడుగుతున్నావా?"

"మా మకాంలోకి ఎవరొచ్చినా మొహం చూపించి పేరు చెప్పాల్సిందే. నా కొడుకులైనా అంతే. రాత్రి ఈ విరూపన్నను ఆపాను. బోయీల మొహాలు ఒక్కొక్కటే దీపం పెట్టి చూశాను. నువ్వు గురక పెడుతున్నావని వదిలేశాను."

విరూపన్న వేపపుల్ల నములుతూ బస్తాల చాటునుంచి వచ్చాడు. "నాకిష్టమైంది తెచ్చుకున్నాను ప్రభూ. మిమ్మల్నే."

"ఎలా? ఎలారా? అంత కావలి దాటి ఎలా తెచ్చావు?"

"కొయ్య మీద టక్కుమనిపించాను. బోయీలు ఎత్తారు. గంట మోగింది. కావలివాళ్ళందరూ వంగి నేల చూశారు. ఉద్దండ నాయకుడు అందరికంటే ఎక్కువ వంగాడు."

"అబద్ధం! నా సైన్యాన్ని పిలుచుకొస్తానుండు!" అని చెప్పులైనా లేకుండా, ఏటి బురదలో పడుతూ లేస్తూ విడిదికి పరుగెత్తారు.

వాకిట్లో రెండు బల్లేలు అడ్డం పడ్డాయి.

"ఎవడయ్యా నువ్వు?"

"ఎవడా? నేను మహారాజునురా!"

కావలివాడు పక్కవాణ్ణి చూసి నవ్వాడు. "మహారాజుగారు లోపల పడుకున్నారు. పోవోయ్, పో. పొద్దున్నే తాగొచ్చావు."

"నా మొహం చూడరా మూర్ఖుడా!"

"చూశాం. ఎప్పుడూ చూడని మొహం."

గొడవ విని ఉద్దండ నాయకుడు వచ్చాడు. రాజుగారికి ప్రాణం లేచొచ్చింది. నాయకుడు మాత్రం అలవాటు ప్రకారం తల ఎత్తకుండా పాదాలే చూశాడు. "రాజుగారి పాదాలు నాకు బాగా తెలుసు. ముత్యాల చెప్పులుంటాయి. ఇవి బురద కాళ్ళు. గెంటేయండి!"

ఇంతలో వెనకనుంచి గణగణమని గంట.

అంతే. కావలివాళ్ళు వంగారు. నాయకుడి తలపాగా నేలకు తగిలింది. విరూపన్న ముందు నడుస్తుంటే పల్లకీ తిన్నగా వాకిలి దాటి రాజుగారి డేరాలోకి వెళ్ళిపోయింది. తెర సందులోంచి ఒక తోక ఊగుతోంది.

"లోపల ఉన్నది దూడరా! తల ఎత్తి చూడండి!" రాజుగారు జుట్టు పీక్కున్నారు.

"తల ఎత్తితే తల పోతుంది" అన్నాడు కావలివాడు నేలకేసి చూస్తూనే.

"ఎవడన్నాడు ఆ మాట?"

"మహారాజుగారే అన్నారు."

రాజుగారు నిలబడ్డచోటే కొయ్యబారిపోయారు. రాత్రి ఆ పల్లకీ ముందు నడిచింది విరూపన్న కాకుండా మరొకడై ఉంటే? పక్కలో పసిపిల్ల!

రాణి మల్లమాంబ అప్పుడు బయటికి వచ్చింది. రాత్రే విరూపన్న ఆమె చెవిన వేశాడు లెండి. ఆవిడ భర్తను ఎగాదిగా చూసి, "ఎక్కడో చూసినట్టే ఉంది" అని, రాజుగారి ప్రాణాలు ఎగిరిపోబోయే ముందు, "మీ రాజుగారే. దారివ్వండి" అంది.

బల్లేలు టపటపా కిందపడ్డాయి. ఉద్దండ నాయకుడి మొహం సున్నం కొట్టినట్టయింది. సరిగ్గా అప్పుడే డేరాలోంచి దూడ రాజుగారి పట్టు దిండు నోట కరుచుకుని హుందాగా నడిచి వచ్చింది.

రాజుగారు దూడను చూశారు, తన బురద కాళ్ళు చూసుకున్నారు. ముందు మీసం అదిరింది, తర్వాత పొట్ట. ఆపైన పడీపడీ నవ్వారు. పల్లకీ వెనకే అవ్వ చంకలో వచ్చిన కుందనను ఎత్తుకుని మరీ నవ్వారు.

"ఈ ఒడ్డు బిడారుదే. ఇకనుంచి నా వాకిట్లో ఎవరొచ్చినా తలెత్తి మొహం చూడండి. నేనొచ్చినా సరే! విరూపన్నా, నన్ను దొంగిలించిన పల్లకీ నీకే ఇచ్చాను, తీసుకో."

"వద్దు ప్రభూ! అందులో పడుకుంటే ఎవరెక్కడికి మోసుకుపోతారో! ఆ గంట ఇప్పించండి చాలు."

గంటతోపాటు పట్టుబట్టలు, ఒక మంచి గుర్రం కూడా ఇచ్చారు. విరూపన్న గుర్రమెక్కే ముందు, గంట మాత్రం దూడ మెడలో కట్టాడు.

ఆ సాయంత్రం దూడ మేత వెతుక్కుంటూ విడిది పక్కగా పోయింది. గణగణ విని కావలివాళ్ళు తలెత్తి మొహం చూశారు, దారిచ్చారు. ఉద్దండ నాయకుడొక్కడే, పాపం, అది ఏరు దాకా వెళ్ళేవరకు వంగే ఉన్నాడు.