కోటప్ప కలిపేసిన స్క్రూలు

అనగనగా అడవే పిల్లలూ, కాకపోతే రోడ్డు పక్క అడవి. అక్కడ కోటప్ప అనే కొండముచ్చు ఉండేవాడు. పనిమంతుడే, కాదనను. కానీ తొందరెక్కువ. ఎవరైనా చెబితే వినే రకం కాదు.

ఒకరోజు లారీలోంచి పెద్ద అట్టపెట్టె జారిపడింది. విప్పి చూస్తే బొమ్మ యుద్ధట్యాంకు! అంతా ముక్కలు ముక్కలుగా ఉంది. మనమే బిగించుకోవాలి. కీ ఇస్తే నడుస్తుంది. కుందేలు ఎక్కి కూర్చునేంత పెద్దది.

కోటప్పకి వెంటనే కుందేలు నాంచారవ్వ గుర్తొచ్చింది. అవ్వకి కాలు విరిగింది. నాలుగోనాడే కొండమీద మనవరాలి బారసాల. పాప చెవిలో మొదట పేరు పిలవాల్సింది అవ్వే.

"బెంగపడకు అవ్వా, నిన్ను దీనిమీద దర్జాగా ఎక్కిస్తా!" అన్నాడు కోటప్ప.

"నీ నోట్లో పంచదార పొయ్య!" అంటూ అవ్వ కళ్ళు తుడుచుకుంది.

పెట్టెలో నాలుగు స్క్రూల పొట్లాలున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. కోటప్ప నాలుగూ పర్రున చింపి ఒకే బుట్టలో కుమ్మరించాడు.

కొమ్మమీద గూడు అల్లుకుంటున్న గిజిగాడు అది చూశాడు. "అన్నా, అన్నా! ఒక్కో పొట్లం ఒక్కో దొన్నెలో పోసుకో. నంబరు కాగితం కూడా అందులోనే పెట్టుకో," అన్నాడు.

"ఏ స్క్రూ అయితే ఏంట్రా! గడ్డిపోచలు అల్లుకునేవాడివి, నాకు చెప్పొచ్చావా?" అన్నాడు కోటప్ప.

మొదటి రోజు పని చకచకా సాగింది. పైకప్పుకి చేతికందిన స్క్రూనల్లా బిగించేశాడు. రెండో రోజు సగం పొద్దు బుట్ట కెలకడానికే సరిపోయింది. మూడో రోజు ఆఖరి చక్రం దగ్గరికొచ్చేసరికి, అయ్యో! అన్నీ పొట్టి స్క్రూలే. పొడుగువన్నీ పైకప్పులోకి పోయాయి. అది విప్పాలంటే ఒక పూట పని.

కోటప్ప అటూ ఇటూ చూశాడు. పొట్టి స్క్రూనే పెట్టి తిప్పాడు. రెండు చుట్లే పట్టింది. "ఆ, ఎవరు చూడొచ్చార్లే," అనుకున్నాడు.

నాలుగోనాడు అవ్వ కొత్త చీర కట్టుకుని ట్యాంకెక్కింది. కోటప్ప పక్కనే నడిచాడు. సగం కొండ ఎక్కారో లేదో, టప్! పొట్టి స్క్రూ ఎగిరొచ్చి అవ్వ ఒడిలో పడింది. చక్రం ఊడి లోయలోకి దొర్లబోయి పొదకి తగులుకుంది. ట్యాంకు పక్కకి ఒరిగింది. అవ్వకి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు.

కోటప్ప అక్కడే పైకప్పు విప్పాడు. వెనకే ఎగిరొచ్చిన గిజిగాడు ఆకుదొన్నెలు కుట్టి తెచ్చాడు. ఇద్దరూ స్క్రూలు వేరుచేసి, పొడుగుదాంతో చక్రం బిగించేసరికి పైనుంచి మేళం వినిపించింది. ముహూర్తం దాటకూడదని పాప చెవిలో ఎవరో పేరు పిలిచేశారు.

కోటప్పకి ఏడుపొచ్చేసింది. "తప్పు నాదే అవ్వా. పొట్టిదని తెలిసే పెట్టాను," అన్నాడు.

అవ్వ ఒకసారి కొండవైపు చూసింది. తర్వాత తన ఒడిలో పడ్డ పొట్టి స్క్రూ తీసి చెయ్యి చాపింది.

"ఇది ఏ దొన్నెలోది నాయనా?"

కోటప్ప దాన్ని తీసుకున్నాడు. నాలుగు దొన్నెలూ ఒక్కొక్కటే చూశాడు. దాని దొన్నెలో దాన్ని వేశాకే కీ ఇచ్చాడు.

నీతి: మొదట్లో వేరుచేసి పెట్టుకోనిది చివర్లో దొరకదు, దొరకలేదని కప్పిపుచ్చిన లోపం దారిలో బయటపడుతుంది.