వెనుచూపు రేవు తల్లి

లాట్వియా దేశపు పడమటి సీమ పేరు కుర్జెమె. కుల్దీగాలో ఇటుక వంతెననూ వెడల్పాటి జలపాతాన్నీ చూసుకుని, సబిలె ద్రాక్షతోట కొండ మీదుగా కందవ పట్టణానికి కారులో వెళ్ళేవారికి అబావా నది ఒడ్డున ఒక చిన్న కొయ్య మందిరం కనిపిస్తుంది. అందులోని తల్లి విగ్రహానికి భుజాలు కందవ వైపు, ముఖం మాత్రం వచ్చిన దారి వైపు ఉంటాయి. ఈ చోటికి వెనుచూపు రేవు అని పేరు.

పూర్వం ఇక్కడ వంతెన లేదు. బండ్లు నదిలో దిగే దాటేవి. సంతకు బయలుదేరినవారు దారిలో వెనుదిరిగి చూస్తే సరుకు అమ్ముడుపోదని ఈ సీమవారి నమ్మకం. కుండలు చేసి బతికే మాడలీన అనే వితంతువు ఆ నియమాన్ని ఏనాడూ తప్పలేదు. అది చలికాలానికి ముందు వచ్చే ఆఖరి సంత. కుండలు అమ్మితేనే ఇంటికి ధాన్యం. ఆమె గుర్రబ్బండిలో గడ్డి పరచి కుండలు సర్ది, వాటి వెనుక కూతురు డార్తాను కూర్చోబెట్టుకుని బయలుదేరింది.

నది పొంగి ఉంది. మధ్యలో చక్రం రాయెక్కి బండి ఒరిగింది. డార్తా "అమ్మా" అని పిలిచింది. మాడలీన గుర్రం మీదినుంచి చూపు మరల్చకుండానే "ఉన్నానమ్మా, ఉన్నాను" అంది. మళ్ళీ పిలుపు వినబడలేదు. పిల్ల కుదురుకుందనుకుని బండిని ఒడ్డెక్కించింది.

అక్కడ గొర్రెలు మేపుతున్న ఇంద్రికిస్ అనే ముసలి కాపరి అంతా చూశాడు. పరుగున వచ్చి నీళ్ళలో దిగుతూనే, "కుండలు ఒడ్డు చేరాయి, పిల్ల నదిలో ఉంది. సంతలో దేన్ని అమ్ముదామనమ్మా?" అన్నాడు. అప్పుడు మాడలీన వెనుదిరిగింది. డార్తా నది నడుమ బండరాయిని కరచుకుని ఉంది. ఇద్దరూ కలిసి ఆమెను ఒడ్డుకు చేర్చారు.

ఎంత బతిమాలినా డార్తా బండి ఎక్కలేదు. "పిలిచాను. పలికావు. చూడలేదు" అంది. మాడలీన తన చోట కూర్చుని, మెడ తిప్పి, బిడ్డ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి డార్తా బండెక్కి, "చూశావు. ఇక పద" అంది. బండి సంతకు పోకుండా, కాపరి చూపిన లోతు తక్కువ చోట నది దాటి ఇంటివైపు మళ్ళింది.

ఆ చలికాలం ఆ ఇల్లు కాపరి ఇచ్చిన పిండితో గడిచిందని కొందరు, పొరుగువారు ఆదుకున్నారని కొందరు చెబుతారు. దేనికీ ఆధారం దొరకలేదు. బిడ్డ బతికిందన్న దగ్గర మాత్రం అందరి మాటా ఒకటే.

వసంతంలో ఇంద్రికిస్ వరదకు కొట్టుకొచ్చిన లిండెన్ దుంగతో తల్లి విగ్రహం చెక్కాడు. అన్ని విగ్రహాల మాదిరే ముఖం ముందుకు పెట్టాడు. ఆ తల్లి కలలో కనిపించి, "బిడ్డ వెనకాల ఉంది. నా మెడ తిప్పు" అని చెప్పింది. తెల్లవారాక అతడు మెడను కోసి, తిప్పి, మళ్ళీ అతికాడు. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నేడు వంతెన ఉన్నా ఆచారం మారలేదు. కారును వంతెన మీద కాక, మందిరం పక్కన గులకరాళ్ళు పరచిన చోటనే ఆపాలి. బండి నడిపేవారు అద్దంలో కాకుండా వెనుదిరిగి, వెనుక సీటులోని పిల్లల ముఖాలు చూడాలి. పిల్లలు తమ భాషలో "చూశావు, ఇక పద" అన్నాకే బండి కదలాలి. మన పిల్లలు తెలుగులోనే అంటున్నారు. ఇలా దాటినవారి ఇంట పిలుపు వృథా పోదని నమ్మకం.

అలిగిన పిల్లలు ఆ మాట తొందరగా అనరు. తమ వంతు కోసం వెనుక ఎన్ని బండ్లు ఆగినా ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు.