ఇరవయ్యో చుక్క

“నిలవనిదాన్ని చదివి ఏం తెలుసుకుంటాం సార్?”

మా అమ్మాయి సలోమి ఆ మాట అంటూనే, పరిశోధన మానేస్తున్నానని రాసిన కాగితం తన గైడు రత్నం మాస్టారి ముందు పెట్టింది. ఆయన సంతకం చేస్తే సాయంత్రం రైలుకి మేమిద్దరం వెళ్ళిపోతాం. నాలుగు రోజులు అది ఫోనెత్తలేదు. ఐదో రోజు నేనే బయల్దేరాను. ఎలా వచ్చానో నాకే గుర్తు లేదు.

మూడేళ్ళుగా అది చదివేది ఒక రకం అణుకేంద్రకాల గురించి. వాటిలో ప్రోటాన్లు ఎక్కువైపోయి, చివరిది ఇమడలేక బయటికి జారిపోతుందట, రెప్ప వేసేలోపే. యంత్రానికి చిక్కేవి ముక్కలే. మూడేళ్ళకీ కలిపి దానికి చిక్కినవి పదకొండు.

 మాస్టారు నా సంచిలోంచి కనబడుతున్న దగ్గుమందు సీసా మూత అడిగి తీసుకున్నారు. దాన్ని ఆ కాగితం మీదే వెల్లకిలా పెట్టి, అంచుదాకా నీళ్ళు పోశారు. చుక్కలు వేసే గాజు గొట్టం సలోమికి ఇవ్వబోతే అది చేతులు కట్టుకుంది. నాకిచ్చారు.

“నాకు ఇవేవీ రావు మాస్టారూ.”

“రానక్కర్లేదు. చుక్క పడితే చాలు.”

వేశాను. నీళ్ళు అంచు దాటి పైకి ఉబ్బాయి గాని ఒలకలేదు. పదో చుక్కకి సలోమి చేతులు విప్పింది. పదిహేనుకి ముందుకు వంగింది.

“మెల్లగా అమ్మా! కూరలో ఉప్పు వేసినట్టు వేస్తావేంటి?”

దాని గొంతు అలా విని ఎన్నాళ్ళయిందో.

ఇరవయ్యో చుక్క పడింది. నీళ్ళు ఒక్క క్షణం బిగబట్టినట్టు నిలిచి, జారి, కాగితం మీదికి పారాయి.

“ఎన్ని పట్టాయి?” అన్నారు మాస్టారు.

“పంతొమ్మిది.”

“పంతొమ్మిదేనని నీకు ఎవరు చెప్పారు?”

సలోమి ఆ తడివైపు చూసింది. “నిలవని ఇరవయ్యోది,” అంది మెల్లగా.

అక్షరాలు అలుక్కుపోయాయి. “కాగితం తడిసిపోయింది మాస్టారూ, సంతకం...” అన్నాను. ఈలోగా సలోమి నా చేతిలోంచి గొట్టం లాక్కుంది.

“ఉండమ్మా, ఈసారి నేను వేస్తాను.”

మాస్టారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని నాతో అన్నారు:

“జారడం అందరికీ కనబడుతుందమ్మా. జారేముందు కాసేపు ఆగింది చూశారూ, నలభై ఏళ్ళుగా నేను ఆ ఆగడాన్నే చూస్తూ అక్కడే ఉన్నాను.”