పసిడి పెట్టిన కాపలా

అనగనగా ఒక అడవిలో ఒక మద్దిచెట్టు ఉండేదర్రా. దాని తొర్రలో తేనెటీగలు పట్టు పెట్టుకుని బతికేవి. ఆ తొర్ర నడుమ ఒక ఇరుకు దారి ఉంది. తేనె లోపలికి రావాలన్నా, నీళ్లు రావాలన్నా, పిల్లపురుగులకు తిండి వెళ్లాలన్నా ఆ దారినే పోవాలి. దాని బాగోగులు చూసే ఈగ పేరు పసిడి. చాలా తెలివైనది.

ఒకసారి పిల్లపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. పసిడి బాగా ఆలోచించి, దారిలో మలుపు మలుపుకీ ఒక కాపలా ఈగను నిలబెట్టింది.

"ఎవరొచ్చినా ఆపండి. ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఏం తెచ్చావు, ఎవరికిస్తావు అని అడగండి. అన్నీ గుర్తుపెట్టుకోండి" అని చెప్పింది.

త్వరలోనే సంగతి బయటపడింది. కొన్ని ఈగలు తెలియక ఒక విషపు పువ్వు తేనె తెచ్చి పిల్లలకు పెడుతున్నాయి. ఆ పువ్వు జోలికి పోవడం మానేశాయి. పిల్లల చావులు ఆగాయి. రాణి ఈగ అందరి ముందూ పసిడిని మెచ్చుకుంది.

ఆ మెప్పు పసిడికి ఎంతో బాగుంది. అందుకే కాపలా తీసెయ్యలేదు. "రేపు ఇంకేదైనా జరిగితే?" అంటూ ఇంకొందరిని చేర్చింది. రెక్కలతో విసిరి తొర్రను చల్లబరిచే ఈగల్లోంచే వాళ్లను తీసుకుంది.

ఎండాకాలం వచ్చింది. తొర్ర చల్లబడాలంటే నీళ్లు కావాలి. తుంపర అనే ఈగ వాగు నుంచి నీళ్లు మోసేది. పసిడికి చెల్లెలి వరస.

"అక్కా, మలుపు మలుపుకీ మమ్మల్ని ఆపుతున్నారు. నీళ్లు ఆలస్యమవుతున్నాయి" అంది తుంపర.

"ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందే?"

"ఒక్క మాటే అక్కా. కానీ ప్రతి మలుపులో, ప్రతి ఈగా, వచ్చిన ప్రతిసారీ చెప్పాలి కదా!"

పసిడి విసుక్కుని పంపేసింది. తుంపర మళ్లీ వచ్చి బతిమాలింది.

"సరేలే, అడగొద్దని చెబుతాను. ఊరికే నిలబడి చూస్తారు" అంది పసిడి.

అడగడం మానేశారు. కానీ దారి ఇరుకు. కాపలా వాళ్లను తప్పించుకుని పోవాలి. అడుగుతారేమోనని ప్రతి ఈగా ఒక్క క్షణం ఆగి, వాళ్ల మొహం చూసి కదిలేది.

తుంపర మూడోసారి వచ్చింది. "వాళ్లను తీసెయ్యి అక్కా. అవసరమైతే మళ్లీ పెట్టుకోవచ్చు."

అది నిజమని పసిడికి తెలుసు. కానీ తీసేస్తే తన గొప్ప తగ్గిపోతుందనిపించింది. "నీ పని నువ్వు చూసుకో" అంది.

ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగింది. గాలి ఆడలేదు. తొర్ర లోపల మైనం మెత్తబడింది. నీళ్ల ఈగలన్నీ ఒక్కసారే దారిలోకి వచ్చాయి. లోపల విసిరేవాళ్లు చాలలేదు. చూస్తుండగానే పిల్లలున్న పట్టు తెగి కింద పడింది.

రాణి ఈగ అడిగింది. "ఏం జరిగింది?"

"నా దగ్గర నీళ్ల ఈగలు బారులు తీరాయమ్మా" అంది మొదటి కాపలా ఈగ.

"మమ్మల్ని తప్పించుకోలేక తోసుకున్నాయమ్మా" అంది రెండోది.

"నా దగ్గరికి వచ్చేసరికి వాటి నోట్లో చుక్క ఆరిపోయిందమ్మా" అంది చివరిది.

అంతా పూసగుచ్చినట్టు చెప్పారు. ఒక్క వివరం కూడా వదల్లేదు. వినేకొద్దీ పసిడి తల వాలిపోయింది.

"కారణం నేనేనమ్మా. తుంపర చెబుతూనే ఉంది. నా మెప్పు పోతుందని వినలేదు" అంది.

ఒక్కరైనా తిడితే బాగుండుననుకుంది పసిడి.

కాపలా వాళ్లందరినీ విసరడానికి పంపేసింది. దారి తెరుచుకుంది. నీళ్లు చకచకా లోపలికి వచ్చాయి. మిగిలిన పట్టులు నిలిచాయి.

పసిడి కిందికి దిగి, చచ్చిపోయిన పిల్లపురుగులను ఒక్కొక్కటిగా బయటికి మోయసాగింది. ఒకటి బరువై జారిపోతుంటే, ఎవరో వచ్చి రెండో వైపు పట్టుకున్నారు. తుంపర.

"పద అక్కా. ఇంకా ఉన్నారు."

పసిడి పట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఆ చెల్లెలి మొహంలోకి మాత్రం చూడలేకపోయింది.

నీతి: తప్పు వెతకడానికి పెట్టిన కాపలాను ఆ తప్పు దొరకగానే తీసెయ్యాలి. గొప్ప కోసం ఉంచితే పనికే అడ్డమవుతుంది.