నాంచారయ్య గుక్క

అనగనగా అన్నానని రాజులూ రాణులూ వస్తారనుకునేరు. ఎవరూ రారు. వచ్చేది ఒక బక్కపలచని మనిషి, అతని చేతిలో ఒక తాడు. మధ్యలో అడ్డు రాకండి, ఊ కొట్టండి చాలు.

ఎన్నేళ్ళ కిందటి మాటో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. సముద్రం దగ్గర ఒక ఊరు. ఊరికి ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క కాలవ. ఒక ఏడు ఉప్పెన వచ్చి గొడ్డూ గోదా అన్నిటినీ ఊడ్చుకుపోయింది. ఊరంతా కలిసి, ఎవరో వాడి వదిలేసిన చిన్న ట్రాక్టరొకటి తెచ్చుకున్నారు. పెద్దదైతే ఆ బురదలో దిగబడిపోతుంది, ఆ బుల్లి మళ్ళలో తిరగలేదు. ఇక ఊరందరికీ ఎద్దైనా అదే, దున్నైనా అదే.

దాన్ని చూసుకునేవాడు నాంచారయ్య. తోలేదీ అతనే, పంక్చరు వేసేదీ అతనే. తనకంటూ సెంటు భూమి లేదు. అయినా ఊరి మళ్ళన్నీ తనవే అన్నట్టు తిరిగేవాడు.

బురదలో పట్టు దొరకాలంటే వెనక చక్రాల్లో నీళ్ళు నింపాలి, బరువు కోసం. ఎండాకాలం ఆఖర్న, కాలవ ఎండిపోయిన వేళ, నాంచారయ్య బిందె పట్టుకుని మంచినీళ్ళ బావికి వెళ్ళాడు. అక్కడ పేరంటాలమ్మ ఉంది. ఊరికి పెద్ద దిక్కు ఆవిడే. నోరూ పెద్దదే.

"తాగడానికి లేక మేం అల్లాడుతుంటే చక్రానికి మంచినీళ్ళట్రా? ఏటి నిండా నీళ్ళున్నాయి, అవి పొయ్యి. అదేమన్నా రుచి చూస్తుందా?" అంది.

నిజమే కదా అనిపించింది నాంచారయ్యకి. ఏటి నీళ్ళు పోశాడు. ఒక ఏడు పోశాడు, రెండో ఏడు పోశాడు, మూడో ఏడూ పోశాడు. ట్యూబు మూతి దగ్గర సన్నగా చెమ్మ ఊరేది. ఆ ఉప్పు ఇనుమును లోపల్లోపలే తినేసింది. పైన రంగు మాత్రం నిక్షేపంగా ఉంది.

నాలుగో ఏడు, నాట్లకి మళ్ళు బురద చేసే దమ్ము మొదలెట్టిన రోజే, నడి చేలో, కుడి చక్రం ఇనుము నానిన అప్పడంలా చిరిగింది. ఎడమది గోటితో గీరితే రాలుతోంది. ఎగువన లాకులు మూసి కాలవకి నీళ్ళు ఆపెయ్యడానికి పన్నెండు రోజులుంది. ఆలోపు దమ్ము కాకపోతే నాట్లు లేవు. నాట్లు లేకపోతే ఆ ఏడు ఊరికి గంజి కూడా లేదు.

పేరంటాలమ్మ గట్టు మీదికి వచ్చింది. "ఊరి నోట్లో మట్టి కొట్టావు కదరా!" అని అందరి ముందూ దులిపేసింది.

నువ్వే కదా పెద్దమ్మా చెప్పింది, అనే మాట నాంచారయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "చక్రాలతోనే వస్తాను" అన్నాడు.

ఒక తాడు తీసుకున్నాడు. దానికి మూడు ముళ్ళేశాడు. బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరానికి ఒక ముడి, నడిమి కన్నం వెడల్పుకి ఒక ముడి, చక్రం ఎత్తుకి ఒక ముడి. తాడు భుజాన వేసుకుని బయల్దేరాడు.

మొదటి ఊళ్ళో పాత ఇనుము కొట్టుంది. "పాత చక్రాలేమయ్యాయి?" అన్నాడు కొట్టతను. "పాతబడిపోయాయి" అన్నాడు నాంచారయ్య. తాడు పెట్టి చూశాడు. మొదటి ముడే కలవలేదు.

రెండో ఊళ్ళో ఇంకో కొట్టు. "పాత చక్రాలేమయ్యాయి?" "గోతిలో పడ్డాయి." తాడు పెట్టి చూశాడు. మొదటి ముడి కలిసింది, రెండోదీ కలిసింది. ఎత్తు మాత్రం జానెడు ఎక్కువ. బిగిస్తే మడ్గార్డుకి రాసుకుంటుంది. నాంచారయ్య మొహం చూసి కొట్టతనికి జాలేసింది. "మెరక ఊళ్ళో ఒక పెద్దాయన పాకలో ఇలాంటి బండే ఉంది, అడిగి చూడు" అన్నాడు.

ఆరో రోజుకి ఆ పాక దొరికింది. అచ్చం అదే బండి. ఇంజను చచ్చిపోయింది, చక్రాలు నిలబడున్నాయి. నాంచారయ్య తాడు పెట్టాడు. మొదటి ముడి కలిసింది. రెండో ముడి కలిసింది. మూడో ముడీ కలిసింది.

"ఇచ్చేది కాదయ్యా" అన్నాడు పెద్దాయన. "మా తమ్ముడి బండి. వాడు పోయాడు. ఇదొక్కటే మిగిలింది." తాడు కేసి చూసి అడిగాడు, "ఇంతకీ నీ పాత చక్రాలేమయ్యాయి?"

ఈసారి అబద్ధం రాలేదు. నాంచారయ్య అక్కడే కూలబడ్డాడు. "నేనే పాడుచేశానండీ. ఉప్పునీళ్ళు పోశాను."

"పొయ్యమని ఎవరన్నా చెప్పారా?"

"ఎవరు చెబితేనేమండీ, పోసిన చెయ్యి నాది. ఒక్క గుక్క నోట్లో పోసుకుని చూసినా తెలిసేది ఎంత ఉప్పో. చూడలేదు. ఊరు పస్తులుంటుంది నావల్ల." గట్టిగా ఏడ్చాడు, పాపం.

పెద్దాయన లేచి చక్రం మీద చెయ్యేసి నిమిరాడు. "ఈ చక్రాల కోసం చాలామంది వచ్చారు. గొయ్యన్నారు, దిష్టన్నారు, వయసన్నారు. తప్పు నాదన్నవాడివి నువ్వొక్కడివే. పట్టుకెళ్ళు నాయనా. మా తమ్ముడి చక్రాలు నీ దగ్గర తుప్పు పట్టవు."

చేతిలో బండి లేదు, తోడు మనిషి లేడు. ఒక చక్రాన్ని కనుచూపు మేర దొర్లించేవాడు. వెనక్కి వచ్చి రెండోదాన్ని దొర్లించేవాడు. అందరూ ఒక్కసారి నడిచే దారి అతను మూడుసార్లు నడిచాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు చితికాయి. పదకొండో రోజు పొద్దున్నే ఊళ్ళో అడుగుపెట్టాడు.

చక్రాలు బిగించి బిందెతో బావికి వెళ్ళాడు. పేరంటాలమ్మ అక్కడే ఉంది. అతని చేతులు చూసి పక్కకి జరిగింది. నాంచారయ్య నీళ్ళు తోడి ఒక గుక్క తాగాడు. "తియ్యగానే ఉన్నాయి" అన్నాడు. అప్పుడు చక్రంలో పోశాడు. రెండ్రోజులు బండి దిగలేదు. లాకులు మూసేసరికి ఆఖరి మడి దమ్ము పూర్తయింది.

అప్పట్నుంచి ఏటా అంతే. ముందు ఒక గుక్క తాగేవాడు, తర్వాతే పోసేవాడు. "బండికి పులుసు కూడా కలిపి పెట్టు నాంచారయ్యా" అని జనం నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

ఒక ఎండాకాలం జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు.

ఆ ఏడు దమ్ము వేళకి ట్రాక్టరు నిలబెట్టారు, బిందె నింపారు. ఎత్తి పొయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. పేరంటాలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏటి నీళ్ళు పొయ్యమన్నది నేనర్రా" అంది. "మీ అందరి ముందూ వాణ్ణి తిట్టిందీ నేనే. వాడు నా పేరెత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు." ఆవిడ ఏడవడం ఊరు చూడటం అదే మొదలు. వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని ఒక గుక్క తాగింది. "తియ్యగానే ఉన్నాయి నాంచారయ్యా" అంది.

ఆ ట్రాక్టరు ఇప్పుడు లేదు. పేరంటాలమ్మా లేదు. పెద్ద పెద్ద బండ్లొచ్చాయి. అయినా ఆ పక్క ఊళ్ళలో చక్రానికి నీళ్ళు పట్టేముందు ఎవరో ఒకరు గుక్కెడు తాగుతారు. నాంచారయ్య ఎవరో తెలియనివాళ్ళు కూడా తాగి, "తియ్యగానే ఉన్నాయి నాంచారయ్యా" అంటారు. ఆ తర్వాతే పోస్తారు.