సుడి మోసినంతసేపు

"ఈ విండ్ టన్నెల్‌లో మొదటి ఏడాదంతా గాలిమర రెక్కల పనే. ఇది నా మాట."

యంత్రంతో గాలి వీయించి రెక్కల్ని పరీక్షించే ఆ సొరంగం ప్రారంభోత్సవం రోజున, పరిశోధనా సంస్థ డైరెక్టర్ మైకు పట్టుకుని అన్న మాట అది. అప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దినకర్. మెట్ట పొలాల్లో నీళ్ళు తోడే గాలిమరలకు, గాలి ఉన్నట్టుండి దిశ మార్చినప్పుడల్లా రెక్కలు విరుగుతున్నాయి. ఎందుకు విరుగుతున్నాయో తేల్చడమే అతని పరిశోధన.

ఆరు నెలలు తిరక్కుండానే టన్నెల్ తలుపుకు కొత్త తాళం పడింది. లోపల ఒక డ్రోన్ల కంపెనీ దిగింది. దినకర్ పట్టుబట్టి చేయించుకున్న రెక్క వరండాలోకి, చెప్పుల స్టాండు పక్కకి వచ్చింది.

దాన్ని చూసి అతను సరాసరి గురువు హైమవతి మేడమ్ గదిలోకి దూసుకెళ్ళాడు.

"రేపు సంస్థ వార్షికోత్సవంలో మైకు లాక్కుంటాను మేడమ్. ప్రజల సొమ్ముతో కట్టింది ప్రజలకే. విజ్ఞానం అంగడి సరుకు కాదు. మౌనంగా ఉన్న ప్రతివాడూ నేరస్థుడే."

"ఎవరివి ఇవన్నీ?"

"ఏవి?"

"మాటలు."

దినకర్ ముఖం కందగడ్డయింది. "ఎవరివైతేనేం? నిజాలు కావా?"

"నిజాలే. రా."

మొదటి సంవత్సరం పిల్లలకు చూపించే పాత పొగ టన్నెల్ దగ్గరికి తీసుకెళ్ళింది. మోటారు వేసింది. అద్దం వెనక చిన్న రెక్క మీదుగా పొగ దారాలు దారాలుగా సాగింది. రెక్క వాలు మార్చే బయటి పిడి దినకర్ చేతికిచ్చింది.

"ఎంత వాలు దాకా పడిపోకుండా నిలుస్తుందిది?"

"పన్నెండు డిగ్రీలు."

"ఒక్క ఊపున ఎత్తు. నీ కోపమంతా పెట్టి."

ఎత్తాడు. పన్నెండు దాటింది, ఇరవై దాటింది. రెక్క ముందంచున సుడి పుట్టి, వీపు మీదుగా దొర్లుతూ రెక్కని పైకి లాగింది.

"నిలిచింది చూడండి," అన్నాడు, డైరెక్టర్ని ఓడించినంత సంబరంగా.

అంతలో సుడి వెనకంచు దాటి పోయింది. పిడి చేతిలో మెలి తిరిగి, రెక్క ముక్కు కిందికి కొట్టుకుంది. మణికట్టు చురుక్కుమంది.

"పన్నెండుకు తే."

తెచ్చాడు. ఇందాక రెక్కనంటి సాగిన పొగ ఇప్పుడు అంటలేదు.

"ఇంకా దించు."

దించాడు. అంటలేదు.

"ఇంకా."

"ఇది నాకు తెలియనిదా మేడమ్? రెండు పేపర్లు రాశాను దీనిమీద."

"రాశావుగా." ఆమె మోటారు ఆపింది. "రేపు మైకు నీ చేతిలో ఎంతసేపుంటుంది?"

దినకర్ పిడి వదిలి మణికట్టు రుద్దుకున్నాడు.

"కోపం దించుకోమనను. సుడి మోసినంతసేపూ అది రెక్క బలమనుకోకు."

మర్నాడు వార్షికోత్సవం మొదలవకముందే అతను డైరెక్టర్ గదికి వెళ్ళాడు. కోపం ఆవగింజంతైనా తగ్గలేదు. గొంతు మాత్రం లేవలేదు.

"మొదటి ఏడాదిలో సగం మిగిలే ఉంది సార్. గాలిమర రెక్కలు మళ్ళీ లోపలికి ఎప్పుడొస్తాయి?"

"చూద్దాంలే బాబూ. కుర్రాళ్ళకి ఆవేశం ఎక్కువ."

"ఆవేశం ఇంటి దగ్గర పెట్టొచ్చాను. మీరు తేదీ చెప్పండి."

డైరెక్టర్ గోడ మీద క్యాలెండరు వంక కూడా చూడలేదు. నవ్వి, ఫోను అందుకున్నాడు.

"సరే, నేనే చెబుతాను," అన్నాడు దినకర్, ఆయన ఫోను పెట్టేదాకా నిలబడి. "ఇంకా రెండు వారాలు. మార్చి పద్నాలుగు సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి."